ముఖ్య అతిథి చేతికి బంతి

ఓబులేసు ఆళ్లగడ్డలో ఇన్సూరెన్స్ ఏజెంటు. ఎవరింటికి వెళ్లినా ముందు చావు గురించి మాట్లాడి, ఆ తర్వాత టీ తాగుతాడు. ఇలాంటి మనిషికి రగ్బీతో ఏం పనని ఊళ్లో చాలామంది అడిగారు. రగ్బీతో ఏ పనీ లేదు. ఉన్న పనల్లా నంద్యాలలో ఉండే తోడల్లుడు రాజశేఖర్‌తోనే. రాజశేఖర్‌ను నలుగురి ముందు నేల మీద పడేయాలి. తన రెండు చేతులతోనే పడేయాలి. కేసు మాత్రం కాకూడదు. ఎంత ఆలోచించినా దానికి రగ్బీ తప్ప ఇంకో దారి కనిపించలేదు.

ఇంతకీ కారణం పెరుగు.

రాజశేఖర్ నంద్యాలలో ఒక ప్రైవేటు స్కూలుకు కరస్పాండెంటు, ఓబులేసు భార్య భానుప్రియకు అక్క మొగుడు. ఆయనకు కారుంది. కారు వెనక అద్దం మీద అతికించుకోవడానికి పదవే లేదు. నంద్యాలలో క్రికెట్‌కు అధ్యక్షుడున్నాడు, కబడ్డీకి ఉన్నాడు, చదరంగానికైతే ఇద్దరున్నారు. క్యారమ్స్ అధ్యక్షుడు పోతే ఆశపడి పరామర్శకు వెళ్లాడు గానీ అప్పటికే ఆయన కొడుకు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వెతగ్గా వెతగ్గా రగ్బీ ఖాళీగా దొరికింది. ‘నంద్యాల ప్రాంత రగ్బీ అభ్యుదయ సంఘం’ పెట్టి, తానే అధ్యక్షుడై, మరునాడే స్టిక్కరు వేయించాడు. ఆ ఆటలో బంతి గుండ్రంగా ఉండదని స్టిక్కరు కొట్టేవాడు చెబితే తెలిసింది.

సంఘం ప్రారంభోత్సవానికి స్కూలు ఆవరణలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ‘గ్రామీణ రగ్బీ అభివృద్ధికి భాగస్వామ్యం’ అని పైన రాసి, కింద భాగస్వాముల పేర్లు వేశారు: ఒక స్వీట్ల దుకాణం, ఒక నగల దుకాణం, ఒక పళ్ల డాక్టరు. వీళ్లలో ఆటతో అంతో ఇంతో సంబంధం ఉన్నది పళ్ల డాక్టరుకే.

ఓబులేసును ఆళ్లగడ్డ కన్వీనరుగా సన్మానిస్తామని రాజశేఖర్ స్వయంగా ఫోన్ చేసి పిలిచాడు. ఓబులేసు తెల్ల చొక్కాకు గంజి పెట్టించి ఇస్త్రీ చేయించాడు. ‘నేడు నంద్యాలలో నాకు సన్మానం’ అని వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాడు. నంద్యాల ఫోటోగ్రాఫరు తనను సరిగా తీస్తాడో లేదోనని ఆళ్లగడ్డ నుంచే ఒక ఫోటోగ్రాఫరును వెంట తెచ్చుకున్నాడు.

మైకులో ఒక్కొక్కరి పేరే పిలిచారు. ఒక్కొక్కరే వెళ్లి వేదికను అలంకరించారు. చివర్లో ఓబులేసు పేరు వచ్చింది. మెట్లెక్కాడు. వేదిక మీద కుర్చీ లేదు. ఆఖరి కుర్చీలో పళ్ల డాక్టరుగారి మామగారు కునుకు తీస్తున్నారు.

రాజశేఖర్ వచ్చి భుజం మీద చెయ్యేశాడు. ఇంకో చేతిలో మైకు ఉంది. అది ఆపలేదు.

"ఓబులేసూ, నువ్వు మనోడివే గదప్పా, నీకెందుకీ మర్యాదలు? కిందికి పో. భోజనాల కాడ పెరుగు పంచేటోడు రాలేదంట. రోంత సూసుకో."

ఆ మాట ఆవరణంతా వినిపించింది, గేటు బయట మిరపకాయ బజ్జీల బండి దాకా వినిపించింది. ఓబులేసు మెట్లు దిగి పెరుగు బకెట్ అందుకున్నాడు. బంతి బంతికీ పోశాడు. ఆళ్లగడ్డ ఫోటోగ్రాఫరు నిజాయితీపరుడు. తీయమన్నది ఓబులేసునే కాబట్టి ప్రతి గరిటెనూ ఫోటో తీశాడు. వాటిలో బాగా వచ్చినదాన్ని రాజశేఖర్ భార్య, అంటే వదినగారు, ‘మా మరిది సేవాగుణం’ అని కుటుంబం గ్రూపులో పెట్టారు. దాని కింద అత్తగారు కమలాక్షమ్మ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు.

ఆళ్లగడ్డలో ఆయన ‘పెరుగు ఏజెంటు’ అయ్యాడు. పాలసీ కట్టించుకోవడానికి పోతే, "ఇది ఎప్పటికి తోడుకుంటాదప్పా?" అని అడుగుతున్నారు.

భానుప్రియకు మొగుడి అవమానం కంటే పాతది ఒకటి లోపల ఉంది.

"మనోడంట, మనోడు," అంది. "మా అక్క పెండ్లిలోనూ ఇట్లనే. పూలజడ దానికి, ఎంగిలాకులెత్తేది నేను. 'నువ్వు మన పిల్లవే గదమ్మా' అనిరి. ఈ కొంపలో మనోళ్లంటే పనోళ్లు."

"ఏం చేద్దామంటావ్?"

"నన్నడుగుతావేందయ్యా? పెరుగు పోసింది నువ్వు."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పాలు తోడు పెట్టలేదు.

రగ్బీ అంటే ఏమిటో తెలుసుకుందామని ఓబులేసు ఒక మధ్యాహ్నం ఫోన్‌లో వీడియో పెట్టాడు. ఒక మనిషి బంతి పట్టుకుని పరిగెత్తుతున్నాడు. ఇంకో మనిషి ఎదురొచ్చి, నడుం చుట్టూ చేతులేసి, ఎత్తి నేలకు కొట్టాడు. పోలీసులు వస్తారని ఓబులేసు ఎదురుచూశాడు. జనం చప్పట్లు కొట్టారు. పడినవాడు లేచి, పడేసినవాడితో చెయ్యి కలిపాడు. ఓబులేసు వీడియో వెనక్కి జరిపి మళ్లీ చూశాడు. భానుప్రియను పిలిచి ఆమెకూ చూపించాడు. ఆమె టీవీ కట్టేసి వచ్చి కూర్చుంది.

సాయంత్రం ఇద్దరూ జకరయ్య దగ్గరికి వెళ్లారు. జకరయ్య మిలిటరీలో చేసి వచ్చి, ఇప్పుడు పెట్రోలు బంకు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. రెజిమెంటు తరఫున పూనాలో రగ్బీ ఆడానని చెప్పుకుంటాడు. కాదనడానికి ఆళ్లగడ్డలో పూనా వెళ్లినవాళ్లు లేరు.

"జకరయ్యన్నా, ఆ ఆటలో బాలు పట్టుకున్నోణ్ణి ఎవురైనా పడేయొచ్చునా?" అని అడిగాడు ఓబులేసు.

"ఎవురైనా."

"వాడు పెద్దోడైతే?"

"విజిల్ ఊదినాక చేతిలో బాలుంటే కలెక్టరైనా పడాల్సిందే. మా కర్నల్ సాబ్‌ను నేనే పడేసినా. లేసి నాకు రమ్ము పోయించినాడు."

"కేసు గాదా?" అంది భానుప్రియ.

"ఏం కేసమ్మా? భుజాల కింద పట్టుకోవాల. మెడకాయ పట్టుకుంటే తప్పు. విజిల్ ఊదకముందు పట్టుకుంటే కొట్లాట. ఊదినాకయితే ఆట."

భానుప్రియ మొగుడి వైపు చూసింది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె ఆయన వైపు అంత ప్రేమగా చూడటం తక్కువ.

మన దగ్గర ఏ పోటీ మొదలైనా ముఖ్య అతిథి కాసేపు ఆడినట్టు నటించాలి. క్రికెట్ అయితే బ్యాటు పట్టుకుంటాడు, ఎవరో పసిపిల్లాడికి వేసినట్టు బంతి వేస్తారు, అది తగలకపోయినా అందరూ చప్పట్లు కొడతారు. కబడ్డీ అయితే ఇస్త్రీ ప్యాంటుతోనే కూతకు వెళ్లొస్తాడు, ఎవరూ ముట్టుకోరు. ఫోటో పేపర్లో వస్తుంది. అదే రగ్బీలో అయితే ముఖ్య అతిథి బంతి పట్టుకుని పరిగెత్తాలి. రాజశేఖర్ ముఖ్య అతిథి అవ్వాలి, చేతికి బంతి రావాలి, విజిల్ మోగాలి, ఎదురుగా ఓబులేసు ఉండాలి.

దీనికి పోటీలు కావాలి. పోటీలకు జట్లు కావాలి. ఆ చుట్టుపక్కల ఎక్కడా ఒక్క జట్టు కూడా లేదు. అలా ఆళ్లగడ్డలో గ్రామీణ రగ్బీ అభివృద్ధి మొదలైంది.

మొదట మౌలా సాహెబ్ దగ్గరికి వెళ్లాడు. ఆయన పరుపులు కుడతాడు.

"మనిషంత పరుపు గావాల సాయిబూ. గుండ్రంగా ఉండాల, నిలబడాల."

"నిలబడే పరుపా? పండుకునేదానికి గాదా?"

"గుద్దేదానికి."

మౌలా సాహెబ్ సూది పక్కన పెట్టాడు. "ఇంట్లో అంతా బాగుండారు గదప్పా?"

"పిల్లోళ్ల ఆటకు. నువ్వు కుట్టీ. నా పాలసీ ఇండ్లల్లో పెండ్లి యాడ జరిగినా పరుపు నీకాడనే కొనిపిస్తా."

"దుడ్ల సంగతి అట్ల పెట్టు. మా షమీమ్‌ను ఆటలో పెట్టుకో. ఇంటర్‌లో ఉందన్న మాటేగానీ, కుట్టిన పరుపులన్నీ గుద్ది గుద్ది వంకర జేస్తాంది."

అలా మొదటి భాగస్వామ్యం కుదిరింది. ఎర్ర పువ్వుల గుడ్డతో, కొత్త పెళ్లికూతుళ్లలా నాలుగు పరుపులు కాలేజీ గ్రౌండులో నిలబడ్డాయి. మొదటి రోజే జకరయ్య బంతి చేతిలో పట్టుకుని పూనా గురించి చెబుతుంటే షమీమ్ వచ్చి ఆయన్ను పడేసింది. తాను కావాలనే పడ్డానని, పిల్లలకు ధైర్యం రావాలంటే అలా పడాలని జకరయ్య దుమ్ము దులుపుకుంటూ చెప్పాడు.

ఓబులేసుకు ఊరూరా పాలసీదారులున్నారు. పాలసీ అమ్మినట్టే రగ్బీ కూడా అమ్మాడు. కొలిమిగుండ్లలో నాపరాళ్ల పని చేసే కుర్రాళ్ల దగ్గరికి వెళ్లి, అలవాటు చొప్పున, "మనిషి ఎప్పుడు పోతాడో ఎవురికీ తెల్దప్పా" అని మొదలుపెట్టాడు. వాళ్లు భయపడి జట్టులో చేరారు. సాయంత్రాలు అలిసిపోతే బ్రాందీ షాపుకు పోలేరని వాళ్ల ఆడవాళ్లు బంతి కొనిచ్చారు. బెలుం గుహల గైడ్లను కలిశాడు. రోజంతా గుహల్లో నడుం వంచి నడిచే వాళ్లు కాబట్టి, ఒకరి భుజంలో ఒకరు తల దూర్చి వంగి తోసుకునే స్క్రమ్ వాళ్లకు విశ్రాంతిలా అనిపించింది. ప్యాపిలిలో మాత్రం రెండు జట్లు తయారయ్యాయి. అక్కడ ఒక టీ హోటల్లో తాగేవాళ్లు ఇంకో టీ హోటల్లో తాగరు. పాలు ఒకే ఇంటి నుంచి వస్తాయి.

బంతిని ముందున్నవాడికి ఇవ్వకూడదు, వెనకున్నవాడికే ఇవ్వాలి అన్న నియమం పిల్లలకు తేలిగ్గానే ఎక్కింది. పెద్దలకే ఎక్కలేదు.

"ముందర పోయేటోడు యెనకోనికి ఇయ్యడమేందప్పా? మావాడు జన్మలో పైకొస్తాడా?" అని ఒకాయన కొడుకును మాన్పించి ట్యూషన్‌లో వేశాడు. ఇంకొకామె ఈ ఆటకు స్పోర్ట్స్ కోటాలో ఎంత పడుతుందని అడిగి, సరిగా చెప్పకపోతే, పిల్లను ఆటకు పంపుతూనే రోజూ సందేహంగా చూసింది.

ఓబులేసు పొద్దున్నే గ్రౌండుకు వచ్చేవాడు. ఆయన పొట్ట ఆయన కంటే కాస్త ముందుగా వచ్చేది. మొదటిసారి పరుపు మీదికి పరిగెత్తి, దాన్ని వాటేసుకుని, చాన్నాళ్లకు కనబడ్డ చుట్టంతో పడుకున్నట్టు దాంతో పాటే మెల్లగా ఒరిగాడు.

"సార్, కౌగిలించుకుంటాండావ్," అంది షమీమ్. "గుద్దాల. తల పక్కకు పెట్టు. చేతులు చుట్టు. కాళ్లు ఆపొద్దు. కోపం తెచ్చుకో."

"కోపముందమ్మా."

"ఉంటే యాడ పెట్టినావ్ సార్?"

ఓబులేసు మళ్లీ వెనక్కి నడిచాడు. మైకు గుర్తు తెచ్చుకున్నాడు. మిరపకాయ బజ్జీల బండివాడు తలెత్తి చూడటం గుర్తు తెచ్చుకున్నాడు. పరిగెత్తాడు. పరుపు కుట్లు ఊడి దూది బయటికి వచ్చింది.

"ఇదీ," అంది షమీమ్. "ఇది యాడిదో గానీ, దీన్ని పోగొట్టుకోవద్దు సార్."

పోటీల తేదీ పెట్టారు. ఇప్పుడు ముఖ్య అతిథి. పిలిస్తే రాజశేఖర్ బెట్టు చేస్తాడు. మనోడు పిలిస్తే ఎవరు వస్తారు? ఆ ఉపాయం భానుప్రియది. ‘గ్రామీణ రగ్బీ పోటీలు, ఆళ్లగడ్డ’ అని ఫ్లెక్సీలు కొట్టించింది. అయిదు జట్ల పేర్లు, జట్ల ఫోటోలు. పైన ‘ముఖ్య అతిథి’ అని రాసి, దాని కింద గుండ్రం గీసి, గుండ్రంలో ఏమీ పెట్టలేదు. ఆ ఫ్లెక్సీలు ఆళ్లగడ్డలో కట్టలేదు. నంద్యాలలో రాజశేఖర్ ఇంటి నుంచి స్కూలుకు పోయే దారిలో కట్టించింది.

రాజశేఖర్ కారు ఆ ఖాళీ గుండ్రం ముందు రోజూ రెండుసార్లు పోతోంది. వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది.

"ఏందప్పా ఓబులేసూ, రగ్బీ అంటాండావంట. సంఘం అధ్యక్షుణ్ణి నేనుంటే నాకో మాట చెప్పకూడదా?"

"చిన్న ఆటలన్నా. నిన్నెందుకు ఇబ్బంది పెట్టేదని."

"ఆ గుండ్రమేందీ, ఖాళీగా పెట్టినావ్?"

"ఎవురో ఒకరు దొరకాల గదన్నా. పండ్ల డాక్టరును అడుగుదామని సూస్తాండాం."



"ఆయనకు ఆట గురించి ఏం తెల్సు? పండ్లు పీకేటోడు. నా ఫోటో పంపిస్తా. పాత ఫోటో వద్దు, కోటు వేసుకున్నది పంపిస్తా."

ఆ సాయంత్రం భానుప్రియ ఇంట్లో పాయసం చేసింది.

పోటీల రోజు ఆళ్లగడ్డ కాలేజీ గ్రౌండు నిండింది. ప్యాపిలి నుంచి రెండు హోటళ్లవాళ్లూ వేరు వేరు జీపుల్లో వచ్చారు. రాజశేఖర్ తెల్ల ట్రాక్‌సూట్‌లో కారు దిగాడు. ట్రాక్‌సూట్‌కు ఇంకా దుకాణం చీటీ వేలాడుతోంది. ఆట దుస్తుల్లో ఉన్న ఓబులేసును చూసి సంతోషించాడు.

"నువ్వూ ఆడతాండావా? మంచిది. ఫోటోలో యెనకాల నిలబడు."

"యెనకాల ఎందుకన్నా," అన్నాడు ఓబులేసు. "యెదురుగా నిలబడతా."

వేదిక మీద రాజశేఖర్ మాట్లాడాడు. రగ్బీ భాగస్వామ్యాలతోనే బతుకుతుందన్నాడు. ఈ పల్లెల్లో ఈ జట్లన్నీ తన సంఘం నాటిన విత్తనాలన్నాడు. ఆ మాటకు చప్పట్లు కొట్టిన వాళ్లలో ఓబులేసు కూడా ఉన్నాడు. ఆ రోజు ఆయన దేనికైనా చప్పట్లు కొట్టేలా ఉన్నాడు. భానుప్రియ అక్క పక్కన కూర్చుని, అక్క చెయ్యి పట్టుకుని, గ్రౌండు బాగా కనబడే కుర్చీకి ఆమెను జరిపింది.

అంతా బాగానే జరుగుతుండగా ఒక చిక్కు వచ్చి పడింది. వేదిక దిగుతూ రాజశేఖర్ రిఫరీ జకరయ్యను పక్కకు పిలిచాడు.

"ఏమప్పా, పూనాలో ఆడినావంట. మా స్కూల్లో డ్రిల్లు మాస్టరు పోస్టు ఖాళీగా ఉంది. పోటీలు అయినాక వచ్చి కనపడు."

జకరయ్య నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఓబులేసు అది చూశాడు. పరిగెత్తుకుంటూ వెళ్లాడు.

"జకరయ్యన్నా, విజిల్ ఊదతావు గదా?"

జకరయ్య నేల వైపు చూశాడు. "సారు రోంత దూరం పరిగెత్తి ఫోటో దిగనీలే. ఆ తర్వాత ఊదుతా. బంకు కాడ రాత్రిళ్లు నిలబడి మోకాళ్లు పోయినాయి ఓబులేసూ. డ్రిల్లు మాస్టరంటే కుర్చీ ఉంటాది."

విజిల్ ఊదకపోతే అది ఆట కాదు, తోడల్లుడి మీద దాడి. పోలీసు స్టేషన్ గ్రౌండుకు ఎదురుగానే ఉంది. ఓబులేసు తన గీత దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. నెలల తరబడి ఊళ్లు తిరిగింది, పరుపులు గుద్దింది, పెరుగు మానేసింది, అంతా ఇప్పుడు ఒక డ్రిల్లు మాస్టరు ఉద్యోగం కింద నలిగిపోతోంది.

షమీమ్ వచ్చి ముఖ్య అతిథి చేతికి బంతి ఇచ్చింది. రాజశేఖర్ బంతిని పుచ్చకాయలా పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. వీడియో తీసేవాడికి భానుప్రియ ముందే చెప్పి ఉంచింది.

"సార్, నిలబడితే ఊరికే ఫోటో అవుతాది," అని అరిచాడు వాడు. "పరిగెత్తితే రీల్ అవుతాది."

రాజశేఖర్‌కు ఆ తేడా తెలుసు. పరుగుకు సిద్ధమయ్యాడు. అప్పుడు మెడలో దండా, భుజం మీద శాలువా అడ్డొచ్చాయి. వాటిని తీసి పక్కనున్న జకరయ్య మెడలో వేసి, చేతి గడియారం కూడా తీసి ఆయన గుప్పిట్లో పెట్టాడు.

"పట్టుకోప్పా, నువ్వు మనోడివే గదా. నా చెప్పులు కూడా ఆడుండాయి, యెవురూ తొక్కకుండా రోంత సూడు."

చుట్టూ ఉన్న కుర్రాళ్లు నవ్వారు. పూనాలో కర్నల్‌ను పడేసిన జకరయ్య, విజిల్ నోట్లో, దండ మెడలో, గడియారం చేతిలో, చెప్పుల జతకు కాపలాగా నిలబడ్డాడు. ఆయన ముఖం మెల్లగా ఎర్రబడింది. రాజశేఖర్ పరుగు మొదలుపెట్టాడు.

విజిల్ ఎంత గట్టిగా మోగిందంటే స్టేషన్ బయట కానిస్టేబులు లేచి నిలబడ్డాడు.

ఓబులేసు పరిగెత్తాడు. తల పక్కకు పెట్టాడు. చేతులు చుట్టాడు. కాళ్లు ఆపలేదు. తెల్ల ట్రాక్‌సూట్ లోపల మనిషి పరుపు కంటే మెత్తగా ఉన్నాడని ఆ క్షణంలో తెలిసింది. రెండు కాళ్లూ గాల్లోకి లేచాయి. "ఓరి నీ" అన్నంతవరకు వినిపించింది. ఆ తర్వాతి మాట దుమ్ములో కలిసిపోయింది.

వదినగారు లేచి నిలబడ్డారు. భానుప్రియ ఆమెను కూర్చోబెట్టింది.

"ఆటక్కా. ఆట."

రాజశేఖర్ బంతిని రెండు చేతులా గుండెకు అదుముకుని, కళ్లు మూసుకుని పడున్నాడు.

"బాలు వదులు సార్!" అని షమీమ్ అరుస్తోంది. "పడినోడు బాలు వదలాల!"

రాజశేఖర్ వదల్లేదు. ఆ సమయంలో ఆయనకు ఈ లోకంలో పట్టుకోవడానికి ఇంకేమీ లేదు. జకరయ్య దండతో సహా వచ్చి, వంగి చూసి, చెయ్యి పైకెత్తాడు.

"బాలు వదల్లేదు. ముఖ్య అతిథి మీద పెనాల్టీ!"

ప్యాపిలి రెండు హోటళ్లవాళ్లూ కలిసి చప్పట్లు కొట్టారు.

ఓబులేసు ఆ రాత్రి చంటిబిడ్డలా నిద్రపోయాడు. తెల్లారి ఫోన్ చూసి లేచి కూర్చున్నాడు. కుటుంబం గ్రూపులో ఆ వీడియో ఉంది. పెట్టింది రాజశేఖరే. వెనకాల వీరావేశపు సంగీతం. పైన అక్షరాలు: ‘పడినా పట్టు వదలని అధ్యక్షుడు.’ వీడియోలో ఓబులేసు వీపు మాత్రమే కనిపిస్తోంది. అత్తగారు కమలాక్షమ్మ ఒకే వరసలో దండం బొమ్మలు పెట్టి, ‘ఈ వయసులో ఎంత పట్టుదల నాయనా’ అని రాశారు. మధ్యాహ్నానికి స్కూలు గేటుకు ఆ ఫోటోతో ఫ్లెక్సీ కట్టారని తెలిసింది.

"సూసినావా?" అంది భానుప్రియ. "ఆ మనిషిని బాయిలో తోసినా జలవిహారమని పేపర్లో ఏపిచ్చుకుంటాడు."

ఓబులేసు ఆ పూట భోజనం చేయలేదు. అంత కష్టపడి కొట్టిన దెబ్బ తగిలినవాడికి పతకమై అతుక్కుంది. ఇంకేం చేయాలో తోచలేదు. సాయంత్రం ఫోన్ మోగింది.

"ఓబులేసూ." రాజశేఖర్ గొంతు తక్కువ స్థాయిలో ఉంది. "మీ వదిన పక్కన లేదు, అందుకని చేస్తాండా. నడుం పట్టేసింది. బాత్రూంకు పోవాలంటే గోడ పట్టుకోవాల."

"ఆట గదన్నా."

"ఆటే. కాదన్లే. ఎప్పట్నించి నేర్చుకుంటాండావ్?"

"ఎండాకాలం నుంచి."

"నా కోసమేనా?"

"నీ కోసమే అన్నా."

రాజశేఖర్, పళ్ల మధ్య నుంచి వచ్చినట్టు, ఒక్కో మాటే అన్నాడు.

"నడుం కుదురుకోనీ. మా స్కూలు గ్రౌండులో పెడదాం. నీ మాదిరి గులకరాళ్లు గాదు, గడ్డి ఉంటాది. ముఖ్య అతిథివి నువ్వే. మెడలో దండేస్తా. బాలు నా చేత్తోనే నీకిస్తా. యెదురుగా నేనుంటా."

ఓబులేసు నవ్వుతూ ఫోన్ పెట్టేశాడు. ఇన్నేళ్లలో తోడల్లుడు తనతో అంతసేపు, అంత శ్రద్ధగా మాట్లాడటం అదే మొదలు.

"ఏమన్నాడు బావ?" అంది భానుప్రియ.

"నన్ను పడేస్తాడంట."

"మరి నగుతాండావేందయ్యా?"

"పేరు పెట్టి పిలిచి చెప్పినాడే! ఊరికే గాదు. నేర్చుకొని, కాచుకోని, నన్నే పడేస్తాడంట."

ఆ తర్వాత నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య భాగస్వామ్యం వేగంగా పెరిగింది. రాజశేఖర్‌కు సాధన చేయడానికి ఎదుటి జట్లు కావాలి గనక, ఇన్నాళ్లూ తాళం వేసి ఉంచిన స్కూలు గ్రౌండును శనివారాలు పల్లె జట్లకు తెరిచాడు. షమీమ్ జట్టు మొదటిసారి గడ్డి మీద ఆడింది. మోకాలు చీరుకోకుండా పడటం వాళ్లకు కొత్తగా ఉంది. జకరయ్య అక్కడ శిక్షకుడయ్యాడు, కుర్చీ ముందే అడిగి వేయించుకున్నాడు. ఒక రోజు మౌలా సాహెబ్ టేపు పట్టుకుని ఓబులేసు ఇంటికి వచ్చాడు.

"నంద్యాల సారు పరుపు కుట్టమన్నాడప్పా. నీ కొలతకు. రోంత చేతులెత్తు."

ఓబులేసు చేతులెత్తి నిలబడ్డాడు. పొట్ట దగ్గర టేపు వదులుగా పట్టమని, మోసం చేయొద్దని చెప్పాడు.

ఆ వారమే జకరయ్యను కాలేజీ గ్రౌండులో పట్టుకున్నాడు.

"ఆయన ఎట్ల చేస్తాండాడు?"

"కసిగా చేస్తాండాడు. భుజం బాగా దిగుతాంది."

"నా గురించి అడిగినాడా?"

"అడిగినాడు. నీకు ఎడమ పక్క చూపు తక్కువని చెప్పినా. ఇద్దరికీ నేనే గదా, న్యాయంగా ఉండాల."

ఓబులేసు కాదనలేదు. "నాకు పడేది నేర్పు," అన్నాడు.

"పడేది ఒకరు నేర్పాల్నా? భూమే చూసుకుంటాది."

"ఆయన పడినాక బాలు వదల్లేదు. నేను వదలాల. పడతా పడతానే బాలు మనోళ్ల పక్కకు సక్కగా పెట్టాల. పెనాల్టీ రాకూడదు. మా వదిన సూడాల, మా అత్త సూడాల. పడేదాంట్లో కూడా వాని కంటే నేనే మేలని తెలవాల."

జకరయ్య ఆయన్ను ఎగాదిగా చూసి, షమీమ్‌ను కేకేసి, విజిల్ ఊదాడు. ఓబులేసు బంతి పట్టుకుని పరిగెత్తాడు. షమీమ్ ఎడమ పక్క నుంచి వచ్చింది. ఆయన ఆమెను చూడలేదు. పడ్డాడు, మోచేయి గీసుకుపోయింది, నోట్లో మట్టి పడింది. ఆ మట్టితోనే చెయ్యి చాచి బంతిని వెనక్కి పెట్టాడు. అది దొర్లి పక్కకు పోయింది.

లేచి కూర్చుని మట్టి ఉమ్మేశాడు.

"ఊదు, ఇంకోసారి," అన్నాడు.